ఎనిమిది కాళ్ల ఐసీ

నారాయణపేట బస్టాండు నుంచి చీరల దుకాణాల వైపు పోయే దారిలో మా ఉస్తాద్ రేడియో, టీవీ రిపేరు దుకాణం ఉండేది. నేను ఐటీఐ పాసై, మక్తల్ దగ్గర మా ఊళ్లో మబ్బుల కేసి చూస్తూ కూర్చునే పని అన్నలకు వదిలేసి, ఎనభైల మధ్యలో అక్కడ చేరాను. చేరిన రోజు సర్టిఫికెట్ తీసి చూపించాను. ఉస్తాద్ దాన్ని తిప్పి, వెనకవైపు ఖాళీగా ఉందని చూసి, "మంచి కాయిదం. సర్క్యూటు గీసుకోనీకి పనికొస్తది" అన్నాడు. వారం తిరక్కముందే గీశాడు కూడా. నాకు చిన్నప్పటి నుంచీ ముక్కుమీద కోపం. లేచి వెళ్లిపోయేవాణ్నే. కానీ ఆయన ఒక టీవీ పవర్ సెక్షన్ మొత్తాన్ని ఏ పుస్తకమూ చూడకుండా, పెన్ను ఎత్తకుండా గీసేశాడు. అది చూశాక కాళ్లు కదల్లేదు. పదేళ్లు అక్కడే ఉండిపోయాను.

ఆయన పని చెవులతో చేసేవాడు. టీవీ వెనక మూత తీసి, కళ్లు మూసుకుని కాసేపు కూర్చునేవాడు. పాత టీవీలు ఆన్ చేయగానే సన్నగా ఈల వేసేవి. ఆ ఈల కొంచెం వణికినా, బొంగురుపోయినా రోగం ఫలానా చోట ఉందని వేలు పెట్టి చూపించేవాడు. మేం మీటరు పెట్టి వెతికినా దాని ముళ్లు చివరికి ఆ వేలి దగ్గరికే పోయి ఆగేవి. మేం మీటరుతో అరగంట తిప్పలు పడి తేల్చింది ఆయనకు బీడీ ముట్టించేలోపు తెలిసిపోయేది. నాకు అసూయగా ఉండేది, గర్వంగానూ ఉండేది.

ఆయనకు కొన్ని పట్టింపులు ఉండేవి. బయటినుంచి ఏ సెట్టు వచ్చినా, ఎవరు బాగుచేసి తెచ్చినా, మూత తీసి లోపలి సోల్డరింగ్ అంతా కళ్లారా చూసేదాకా దానికి కరెంటు ఇచ్చేవాడు కాదు. ఇంకోటి, ఐసీలను, అంటే కాళ్లున్న ఆ చిన్న నల్ల చిప్పులను, బేస్‌లో గుచ్చి వదిలేయడం ఆయనకు పడదు. బేస్ అంటే చిన్న ప్లాస్టిక్ గూడు. దాన్ని బోర్డుకు అతికిస్తే, అందులో ఐసీని గుచ్చుకోవచ్చు, కావాలంటే పీక్కోవచ్చు. ఒకసారి ఒక టీవీలో సౌండ్ ఐసీని అలా బేస్‌లో గుచ్చి, పాట వినిపిస్తోంది కదా అని మూత బిగించేశాను. ఉస్తాద్ మూత విప్పించి, గిరాకి ముందే తలమీద ఒకటి ఇచ్చాడు.

"బేస్ల పెట్టేది మనం పరీక్ష చేసుకోనీకి రా. ఇంటికి పొయ్యేదానికి సోల్డరింగ్ ఉండాలె. గీ టీవీ ఎడ్లబండి మీద పోతది. గుంతల పడితే నీ ఐసీ ఎగిరి ఏడ పడతదో నువ్వు పోయి దేవులాడుతవా?"

ఆ టీవీ యజమాని నవ్వాడు. నాకు ముఖం మాడిపోయింది. కానీ ఆ తర్వాత ఎన్నడూ బేస్‌లో వదల్లేదు. పరీక్ష అయ్యాక అసలుది సోల్డరింగ్ పెట్టడం ఉస్తాద్ చేతి పని. నేనెంత బాగా చేసినా చివరిది ఆయనకే వదిలేవాణ్ని. చెడిపోయి తీసేసిన భాగాన్ని మాత్రం కాగితంలో చుట్టి గిరాకి చేతికి ఇచ్చేవాళ్లం. మా దుకాణంలో ఏ మోసమూ లేదని చెప్పడానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలనేవాడు.

ఆయన తిట్లు వినని మనిషి నారాయణపేటలో లేడు. ఆయన మెచ్చుకోగా విన్నవాడూ లేడు. పని చెడితే గంటసేపు మాట్లాడేవాడు. పని కుదిరితే మౌనంగా తర్వాతి సెట్టు అందుకునేవాడు. పదేళ్లలో ఆయన నోట "షాబాష్" అనే మాట నాకోసం రాలేదు. ఆ మాట కోసం నేను కాచుకుని కూర్చున్నానని చెప్పుకోవడానికి ఇప్పుడు నాకు సిగ్గు లేదు. నా పెళ్లి రోజు కూడా, పీటల మీద కూర్చుని, ముందురోజు నేను బాగుచేసిన టేప్ రికార్డరు గురించి ఆయన ఏమైనా అంటాడేమోనని చూశాను. భోజనం బాగుందన్నాడు.

తొంభైల మధ్యలో కంప్యూటర్లు వచ్చాయి. నేను సెలవు రోజుల్లో పాలమూరు బస్సెక్కి వెళ్లి ఆ పని నేర్చుకోసాగాను. ఇక్కడ కూడా మొదలుపెడదామని ఉస్తాద్‌తో అన్నాను. "అది రిపేరు కాదు రా. ఒక బోర్డు తీసి ఇంకో బోర్డు పెట్టుడు. కూలోడు గూడ చేస్తడు" అన్నాడు. దాని మీద మాటకు మాట పెరిగింది. నా నోరు జారింది.

"మీ చెవులతోటి ఇంకెన్ని రోజులు బతుకుతరు ఉస్తాద్?"

ఆయన చేతిలో ఉన్న స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. అప్పటికే ఆయనకు కుడి చెవి సరిగా వినపడడం లేదనీ, సెట్టుకు ఎడమ చెవి పెడుతున్నాడనీ నాకు తెలుసు. తెలిసే అన్నాను. నా కోపం సంగతి నాకు తెలుసు కాబట్టి ఏదో నోటికొచ్చింది అన్నానని చెప్పి తప్పించుకోలేను. మర్నాడు దుకాణానికి వెళ్లలేదు. ఆయన పిలిపించలేదు.

పాలమూరులో ఒక రేకుల గది కిరాయికి తీసుకుని కంప్యూటర్లు బాగుచేసుకుంటూ మూడేళ్లు గడిపాను. పని బాగానే సాగింది. కానీ చిక్కుముడి ఏదైనా విడిపోయినప్పుడల్లా తల దానంతటదే ఎడమవైపు తిరిగేది. నారాయణపేట దుకాణంలో ఉస్తాద్ స్టూలు నాకు ఎడమపక్క ఉండేది. ఇక్కడ అటువైపు గోడ. ఆ గోడను చూసినప్పుడల్లా నాకు ఆయన కావాలనిపించేది. తిట్టినా సరే, పక్కన కూర్చుంటే చాలనిపించేది. బస్సు రెండు గంటల దూరం. ఆ రెండు గంటలు నేను వెళ్లలేదు. వెళ్తే ఏం మాట్లాడాలో తెలియక వెళ్లలేదు.

ఒక ఎండాకాలం పొద్దున నారాయణపేట బస్సు కండక్టరు గోనెసంచిలో చుట్టిన డబ్బా ఒకటి మోసుకొచ్చి నా బల్లమీద పెట్టాడు. "ఉస్తాద్ పంపిండు" అన్నాడు. ఏం చెప్పాడని అడిగాను. "ఏం చెప్పలె. ఇచ్చి రా, వాడు చూస్తడు అన్నడు. గంతే" అన్నాడు.

కండక్టరు వెళ్లాక నేను చాలాసేపు ఆ గోనెసంచి విప్పలేదు. వాడు చూస్తడు అన్నాడట. మూడేళ్ల తర్వాత, తనకు అంతుపట్టని సెట్టును ఆయన నాకు పంపాడు. అంత పొగరు ఉన్న మనిషి ఆ మాట కండక్టరు ముందు అనడానికి ఎంత కష్టపడి ఉంటాడో నాకు తెలుసు. దీన్ని బాగుచేసి పంపితే ఆయన నన్ను రమ్మంటాడు. షాబాష్ అన్న ఆ మాట కూడా అంటాడేమో. నాకు కళ్లలో నీళ్లు వచ్చాయి.

అది పద్నాలుగు అంగుళాల రంగుల మానిటరు. నారాయణపేటలో చీరల వ్యాపారం చేసే సేఠ్ ఒకాయన అంచుల డిజైన్లు గీయించడానికి కంప్యూటరు కొన్నాడు. కరెంటు పోయి ఒక్కసారిగా ఎక్కువై వచ్చిన రోజు నుంచి ఆ మానిటరులో బొమ్మ చెడింది. పక్కలు లోపలికి పీక్కుపోయి, నడుము బిగించి కట్టినట్టు వంగిన పట్టీ ఒకటి తెర మధ్యలో కనిపిస్తుంది. అంచు గీత ఎంత నిటారుగా గీసినా విల్లులా వంగుతుంది.

మూత తీస్తే లోపల అంతా ఉస్తాద్ చేయి కనిపించింది. దుమ్ము బ్రష్‌తో దులిపి ఉంది. పాత కండెన్సర్లన్నీ కొత్తవి. అనుమానం ఉన్న ప్రతిచోటా మళ్లీ సోల్డరింగ్ పెట్టాడు. ఎన్ని రోజులు కూర్చున్నాడో! ఈ మానిటర్లు కూడా ఈల వేస్తాయి గానీ అది మనిషి చెవికి అందనంత సన్నటిది. కుర్రవాళ్లకు కూడా వినపడదు. ఆయన మూత తీసి, ఎడమ చెవి ఆనించి, ఏమీ వినపడక, అది తన చెవి లోపమే అనుకుని ఉంటాడు. నేనన్న మాట అప్పుడు గుర్తొచ్చి ఉంటుంది. నా మీద నాకే అసహ్యం వేసింది.

ముందున్న బటన్లు నొక్కితే బొమ్మ సరిగ్గా సాగుతోంది. ఆపి మళ్లీ ఆన్ చేస్తే తిరిగి వంగిపోతోంది. అంటే భాగాలన్నీ బాగానే ఉన్నాయి, మానిటరుకు గుర్తుండటమే లేదు. కొత్తరకం మానిటర్లలో బొమ్మ ఎంత వెడల్పు ఉండాలి, ఎక్కడ నిలబడాలి, పక్కలు ఎంత నిటారుగా ఉండాలి అన్న లెక్కలన్నీ ఫ్యాక్టరీలోనే ఎనిమిది కాళ్లున్న ఒక చిన్న మెమరీ ఐసీలో రాసి పెడతారు. ఆన్ చేసిన ప్రతిసారీ మానిటరు వాటిని చదువుకుని నిలబడుతుంది. ఆ కరెంటు దెబ్బకు ఆ రాత చెదిరిపోయింది. బయటినుంచి చూస్తే ఐసీ చెక్కుచెదరదు. మీటరుకు దొరకదు, చెవికి దొరకదు.

చెదిరిన రాతను మళ్లీ రాయాలంటే అదే మోడల్ మానిటరు నుంచి చదువుకోవాలి. పాలమూరంతా తిరిగితే ఒక టైపింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో అలాంటిదే కనిపించింది. దాన్ని నడిపే మేడమ్ బాగున్న మానిటరు విప్పుతానంటే మొదట తలుపు చూపించింది. మూడు రోజులు తిరిగాక, "నా ముంగటనే విప్పాలె, నా ముంగటనే బిగియ్యాలె" అని కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంది. ఐసీ తీసి, కంప్యూటరు నుంచి వచ్చే ప్రింటరు తీగకు తగిలించుకునేలా నేనే చేసుకున్న చిన్న బోర్డులో పెట్టి, అందులోని రాతను ఫ్లాపీలోకి ఎక్కించుకున్నాను. ఐసీని తిరిగి దాని చోట అతికించి, బొమ్మ వచ్చాకే ఊపిరి పీల్చుకున్నాను.

ముందు సేఠ్ మానిటరులోని పాత ఐసీ తీసి, అంటిన సోల్డరంతా తీసి కాళ్లు మెరిసేలా శుభ్రం చేసి, నా బోర్డులో గుచ్చి కొత్త రాత రాశాను. రాసుకుంది. ఆపి ఆన్ చేస్తే మరిచిపోయింది. ఇక అది పట్టి ఉంచుకోలేదని తేలింది. హైదరాబాద్ నుంచి అలాంటివే రెండు కొత్త ఐసీలు తెప్పించి, ఒకదానికి రాశాను. బోర్డు మీద అప్పటికే చాలాసార్లు వేడి తగిలింది కాబట్టి, ఇంకోసారి పీకాల్సి వస్తే రాగి గీతలు లేచిపోతాయని భయపడి అక్కడ బేస్ అతికించాను. కొత్త ఐసీని అందులో గుచ్చాను. పాలమూరు వచ్చాక నాకు అది అలవాటైపోయింది. కంప్యూటరు పనిలో అందరూ అలాగే చేస్తారు.

ఆన్ చేశాను. తెరనిండా గళ్లు వేసి చూశాను. ఒక్క గీత వంగలేదు. రెండు రోజులు ఆపుతూ ఆన్ చేస్తూ చూశాను. నా జన్మలో నేను చేసిన మంచి రిపేరు అదే. అప్పటికీ అదే, ఇప్పటికీ అదే.

పంపేముందు ఉత్తరం రాయాలనుకున్నాను. ఉస్తాద్‌కు ఉర్దూ తప్ప చదవడం రాదు. నాకు ఉర్దూ మాట్లాడటమే గానీ రాయడం రాదు. తెలుగులో రాస్తే పక్క హోటల్లో ఎవరితోనో చదివించుకోవాలి. క్షమించమన్న మాట చాయ్ తాగేవాళ్లందరి ముందూ చదివించాలా అని మానుకున్నాను. అలవాటు ప్రకారం పాత ఐసీని కాగితంలో చుట్టి, మానిటరుతో పాటు అదే కండక్టరు చేతికి ఇచ్చాను.

వారం చూశాను, రెండు వారాలు చూశాను. కండక్టరును అడిగితే, "ఇచ్చిన సారూ, తీస్కున్నడు" అన్నాడు. అంతకుమించి ఏమీ లేదు. నాకు మళ్లీ కోపం వచ్చింది. ఇంత చేస్తే ఒక్క మాట పంపడా అనుకున్నాను. ఇంట్లో మా ఆవిడ మీద అరిచాను. ఆమె "గంత ఉంటే పోయి అడగరాదు, నా మీద ఎందుకు?" అంది. అడగడానికి వెళ్లలేదు.

నెల దాటాక చీరల సేఠ్ తనే మానిటరు పట్టుకుని బస్సు దిగాడు. వస్తూనే గొంతు పెంచాడు.

"ఏమయ్యా, గిదేనా నీ పని? ముసలాయన పరువు తీస్తివి కదా! నేను దుకాణంల కూసుని ఉన్న. ఉస్తాద్ నన్ను చూసి, మా పిలగాడు చేసి పంపిండు, ఇగ చూడు అన్నడు. మూత తీసి, ఏదో సోల్డరింగ్ పెట్టి, ఆన్ చేసిండు. ఎట్లుండె గట్లనే ఉండె. ఆయన దాని మీద తువ్వాల కప్పి ఇంటికి పోయిండు. అప్పటిసంది దుకాణం సరిగ్గ తెరుస్తలేడు."

మూత తీశాను. నేను అతికించిన బేస్ లేదు. నా కొత్త ఐసీ లేదు. ఆ చోట పాత ఐసీ ఉంది. కాగితంలో చుట్టి పంపినది. ఎనిమిది కాళ్లకూ ఎనిమిది సోల్డరింగ్ చుక్కలు, జొన్నగింజల్లా, అన్నీ ఒకే కొలత. నేను వేడి తగిలించడానికి భయపడ్డ చోట ఆయన ఒక్క రాగి గీత కూడా లేవనివ్వలేదు. ఆ చెయ్యి నారాయణపేటలో ఒక్కరిదే.

నాకు అంతా తెలిసిపోయింది. కరెంటు ఇవ్వకముందే మూత తీశాడు. బేస్‌లో ఐసీ కనిపించింది. బేస్‌లో ఉన్నదంటే పరీక్షకు పెట్టినది. కాగితంలో చూస్తే కాళ్లు తళతళలాడుతూ ఇంకో ఐసీ. చెడిపోయి తీసేసినది అంత శుభ్రంగా ఎందుకుంటుంది? అసలుది ఇదే, ఎప్పటిలాగే చివరి సోల్డరింగ్ తన చేతికి వదిలాను అనుకున్నాడు. శిష్యుడు మర్యాద మరిచిపోలేదని ఎంత సంతోషించాడో! ఆ సంతోషంతోనే సేఠ్ ముందే సోల్డరింగ్ పెట్టాడు. ఆ తర్వాత వంగిన బొమ్మ చూసి, వీడు కావాలనే నలుగురిలో నన్ను నవ్వులపాలు చేశాడు అనుకున్నాడు. అనుకోక ఏం చేస్తాడు? చివరిసారి నేనన్న మాట అలాంటిది మరి.

ఫ్లాపీలో రాత ఉంది. మిగిలిన కొత్త ఐసీకి దాన్ని రాసి, ఈసారి బేస్ లేకుండా సోల్డరింగ్ పెట్టి, మర్నాడు పొద్దున సేఠ్‌తో పాటు నేనే మానిటరు మోసుకుని నారాయణపేట బస్సెక్కాను. దారి పొడుగునా ఒకటే ఆలోచన. నిజం చెప్తే నా పని మంచిదని తేలుతుంది. దాన్ని చెడగొట్టింది ఆయన చెయ్యేనని కూడా తేలుతుంది. అదీ సేఠ్ ముందు. చెవులు పోతున్న మనిషికి చేతులు ఒక్కటే మిగిలాయి.

ఉస్తాద్ దుకాణంలోనే ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. నన్ను చూసి తల తిప్పుకున్నాడు. నేను మానిటరు బల్లమీద పెట్టి, ఆయన ఎడమపక్కకు వెళ్లి నిలబడి, గట్టిగానే చెప్పాను.

"ఉస్తాద్, తప్పు నాదే. రాత ఉన్న ఐసీ కాయిదంల పెట్టబోయి, రాత లేని ఐసీ పెట్టి పంపిన. నాకు నిన్ననే ఎరుకైంది."

ఆయన నావైపు తిరిగాడు. "మరి బేస్ల ఉన్నది?" అని అడిగాడు.

"అది ఖాళీది. పరీక్షకు పెట్టింది."

"నేను జెప్పలే!" అని సేఠ్ వైపు తిరిగి బల్ల చరిచాడు. "బేస్ల ఉన్నది పరీక్షది అని నేను జెప్పలే సేఠ్? నా సోల్డరింగ్‌ల ఏం లోపం లేదని జెప్పలే?"

ఆయన ముఖంలోకి రక్తం తిరిగొచ్చింది. మూత విప్పి, నా ఎనిమిది చుక్కలనూ కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు. ఏమీ అనకుండా కరెంటు ఇచ్చాడు. సేఠ్ అంచుల గీతలు నిటారుగా నిలబడ్డాయి. అప్పుడు మొదలుపెట్టాడు తిట్టడం. గింత అజాగ్రత్త అయితే ఎట్ల రా, పదేండ్లు నేర్పిన గదరా, ఏది రాసినవో ఏది రాయలేదో గుర్తు పెట్టుకోవా, ఐసీ మీద ఒక చుక్క పెట్టరాదా అని గంటసేపు తిట్టాడు. నేను తల వంచుకుని విన్నాను. మూడేళ్లుగా నేను వినాలనుకున్న గొంతు అది. మధ్యలో చాయ్ చెప్పాడు. నాకు కప్పు అందిస్తూ కూడా తిట్టాడు.

ఆ తర్వాత ఆయన నాలుగేళ్లు బతికాడు. నెలకోసారైనా వెళ్లేవాణ్ని. రాతలు రాసే నా బోర్డు తీసుకెళ్లి చూపిస్తే, ఎడమ చెవి ఆనించి విని, "ఏం సప్పుడు లేదు, అయినా పని జేస్తది" అని ఆశ్చర్యపోయేవాడు. దుకాణానికి ఎవరొచ్చినా నన్ను చూపించి ఆ కథ చెప్పేవాడు. మా వాడు తెలివిగల్లోడే గానీ జాగ్రత్త లేదు, నా చేతిల చెడ్డ ఐసీ పెట్టి నా ఇజ్జత్ తీసిండు, నేనే మాఫ్ చేసిన అనేవాడు. వాళ్లు నవ్వేవాళ్లు, నేనూ నవ్వేవాణ్ని. వాళ్లు వెళ్లిపోయాక మేమిద్దరమే మిగిలేవాళ్లం. ఉస్తాద్, ఆ మానిటరు నేను మొదటిసారే బాగుచేసి పంపాను అన్న మాట గొంతుదాకా వచ్చేది. ఆయన ఈసారైనా మెచ్చుకుంటాడేమోనని ఎంతగా అనిపించేదో చెప్పలేను. నేను ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు. ఆయన పోయాక చెప్పుకోవడానికి ఎవరూ లేరు.